మిశ్రమ భిన్నాల తీసివేతలో పుస్తకంలోని జవాబు రావడం లేదు

అమ్మపాఠాలు: మా అబ్బాయికి రేపు లెక్కల పరీక్ష ఉంది. సాయంత్రం నుంచి ఒకే లెక్క దగ్గర ఆగిపోయాము. హారాలు సమానం చేసి, పెద్ద భిన్నంలోంచి చిన్నదాన్ని తీసివేసి, పూర్ణాంకాలను విడిగా తీసివేసినా పుస్తకం చివర ఇచ్చిన జవాబు రావడం లేదు. అచ్చుతప్పేమో దయచేసి తేల్చి చెప్పండి.

సూటిమాట: లెక్క ఏది?

లెక్కలమాస్టారు: లెక్క ఏదైనా ముందు క.సా.గు. సంగతి చూసుకోవాలి. హారాలు 8, 12 అయితే చాలామంది రెండింటినీ గుణించి 96 తీసుకుంటారు. 24 సరిపోయే చోట 96 తో కుస్తీ పట్టి, చివరికి జవాబును సూక్ష్మరూపంలోకి మార్చడం మరచిపోతారు.

అమ్మపాఠాలు: లెక్క 7 1/4 − 3 5/6. మేము క.సా.గు. 12 నే తీసుకున్నాము. మాకు 4 7/12 వచ్చింది, పుస్తకంలో 3 5/12 ఉంది.

సూటిమాట: పుస్తకం సరిగానే ఉంది.

గళ్లకాగితం: చిక్కంతా "పెద్ద భిన్నంలోంచి చిన్నదాన్ని" అన్నచోట ఉంది. 3/12 లోంచి 10/12 తీయవలసి ఉండగా మీరు 10/12 లోంచి 3/12 తీశారు. అంటే పూర్ణాంకాలను ఒక దిశలో, భిన్నాలను ఎదురు దిశలో తీసివేశారు. 3/12 చాలదు కనుక 7 లోంచి 1 అప్పు తెచ్చుకుంటే 7 3/12 కాస్తా 6 15/12 అవుతుంది. అందులోంచి 3 10/12 తీస్తే 3 5/12 మిగులుతుంది.

అమ్మపాఠాలు: అప్పు తెచ్చుకోవడం మావాడికి వచ్చు, కానీ 3 ను 13 చేస్తున్నాడు. అప్పుడు 3 3/12 వస్తోంది, అదీ కలవడం లేదు.

గళ్లకాగితం: పదుల స్థానం నుంచి తెచ్చిన ఒకటి పది ఒకట్లకు సమానం కనుక అక్కడ పది కలుపుతాం. ఇక్కడ తెచ్చిన ఒకటి 12/12 కు సమానం కనుక లవానికి 12 కలపాలి. హారం 5 అయితే 5 కలపాలి. ఎప్పుడూ హారమెంతో అంతే.

లెక్కలమాస్టారు: ఈ అప్పుల గొడవ పిల్లలకు ఎందుకు? రెండింటినీ అపక్రమ భిన్నాలుగా మార్చండి: 29/4 − 23/6 = 87/12 − 46/12 = 41/12, అంటే 3 5/12. పొరపాటుకు తావే లేదు.

గళ్లకాగితం: చిన్న సంఖ్యలకు సరే. 48 1/4 − 19 5/6 ఇస్తే 579/12 లోంచి 238/12 తీయవలసి వస్తుంది, ఆ గుణకారాల్లోనే పిల్లలు తడబడతారు. అప్పు పద్ధతిలో 47 15/12 − 19 10/12 అని రాస్తే చాలు, 28 5/12 వచ్చేస్తుంది.

లెక్కలమాస్టారు: గుణకారం రానివారికి ఏ పద్ధతి అయినా కష్టమే.

సూటిమాట: రెండింటికీ 1/6 కలపండి. 7 5/12 − 4. అప్పు అక్కర్లేదు.

అమ్మపాఠాలు: ఇది మావాడికి వెంటనే అర్థమైంది. ధన్యవాదాలు, ఇక పడుకోబెడతాను.

లెక్కలమాస్టారు: రెండు సంఖ్యలకూ ఒకే విలువ కలిపితే తేడా మారదన్న మాట నిజమే, కానీ ఆ మెట్టు రాయకుండా నేరుగా 7 5/12 వేస్తే దిద్దేవారు మార్కులు వేస్తారా?