‘పిక్ ఇట్ అప్’ సరే, మరి ‘లుక్ ఇట్ ఇంటు’ ఎందుకు తప్పు?

తెలుగుమీడియం_కుర్రాడు:

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సపోర్ట్ టీమ్‌లో పని. పోయిన వారం ఒక మెయిల్‌లో ‘ఐ విల్ పిక్ అప్ ఇట్ టుమారో’ అని రాస్తే మా టీమ్ లీడ్ పిలిచి, అలా కాదు, ‘పిక్ ఇట్ అప్’ అనాలి, ఇట్ మధ్యలో రావాలి అని చెప్పారు. సరే, ఇకనుంచి ఇట్ మధ్యలోనే పెడదాం అనుకున్నా. నిన్న క్లయింట్ కాల్‌లో ‘ఐ విల్ లుక్ ఇట్ ఇంటు’ అన్నాను. కాల్ అయ్యాక ఆయనే మళ్ళీ, ఇక్కడ మాత్రం ‘లుక్ ఇంటు ఇట్’ అన్నారు. ఎందుకని అడిగితే అంతే, అలవాటు చేసుకో అన్నారు.

రెండింట్లోనూ ఒక క్రియ, ఒక చిన్న మాట, ఒక ఇట్. ఒకచోట మధ్యలో, ఒకచోట చివర. పైగా ‘పిక్ అప్ ద ఫైల్’ అని రాసినప్పుడు ఎవరూ తప్పనలేదు. బట్టీ పట్టమని మాత్రం చెప్పకండి, కారణం తెలిస్తే చెప్పండి. కాల్ అంటేనే టెన్షన్ వస్తోంది.

బడిపంతులు_కృష్ణాజిల్లా:

మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను, ఈ తప్పు చేయని క్లాసు నాకు కనపడలేదు. దీనికి జవాబు మన తెలుగులోనే ఉందని నా నమ్మకం.

ఈ రెండు వాక్యాలు పైకి చదవండి: ‘దాన్ని కింద పెట్టు’, ‘దాని కింద పెట్టు’. తేడా ఒక్క ఒత్తు. మొదటిదాంట్లో ‘కింద’ అనేది విడిగా నిలబడిన మాట, పెట్టే దిక్కు చెబుతోంది. ‘దాన్ని’ కర్మ. రెండోదాంట్లో ‘కింద’ పోయి ‘దాని’కి అతుక్కుంది, ఇంకేదో వస్తువును దాని కింద పెట్టమంటున్నాం. ఇంగ్లీషులో మొదటిది ‘పుట్ ఇట్ డౌన్’, రెండోది ‘పుట్ ద బుక్ అండర్ ఇట్’. చూశారా, ‘దాన్ని’ అయితే ఇట్ మధ్యలో, ‘దాని’ అయితే ఇట్ చివర.

ఇంకొన్ని చూడండి. అతన్ని బయటికి తీసుకెళ్ళు, ‘టేక్ హిమ్ అవుట్’. అతని కోసం ఆగు, ‘వెయిట్ ఫర్ హిమ్’. దాన్ని వెనక్కి తీసుకురా, ‘బ్రింగ్ ఇట్ బ్యాక్’. మీ ‘లుక్ ఇంటు ఇట్’ కూడా అంతే, దాని సంగతి చూస్తాను అంటాం కదా. ఆ ‘ఇంటు’ పూర్తిగా ఇట్‌కి సంబంధించిన మాట, మన విభక్తి లాంటిది, కాకపోతే మనది వెనక వస్తుంది, వాళ్ళది ముందు వస్తుంది. ‘పిక్ ఇట్ అప్’లో అప్ అలా కాదు, అది క్రియకు చెందిన దిక్కు, పైకి అని. ‘దాన్ని పైకి ఎత్తు’లోని క్రియను తీసుకెళ్ళి ముందు పెడితే ‘ఎత్తు, దాన్ని, పైకి’ అవుతుంది, అదే ‘లిఫ్ట్ ఇట్ అప్’. మిగతా రెండు మాటల వరస మనదే!

మాంచెస్టర్‌_తెలుగమ్మాయి:

మాస్టారూ, దాన్ని-దాని తేడా చాలా బాగా చెప్పారు. కానీ అది అన్నిచోట్లా నిలవదండీ. ‘ఆమెను చూసుకో’ అంటాం, మీ లెక్కన ‘లుక్ హర్ ఆఫ్టర్’ కావాలి. అది తప్పు, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలి. మాటకు మాటగా దిక్కు అర్థం ఉన్నంతవరకు మీ పద్ధతి పనిచేస్తుంది, నుడికారంగా మారిపోయినచోట తెలుగు అర్థం పట్టుకుని వెళ్తే దారి తప్పుతాం.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇంకో పద్ధతి పట్టుకున్నా. ఇట్‌ని కాసేపు పక్కనపెట్టి ఆ చోట ఒక వస్తువు పేరు, అంటే నామవాచకం, పెట్టి చూడండి. ‘పిక్ అప్ ద ఫైల్’ అనొచ్చు, ‘పిక్ ద ఫైల్ అప్’ అనీ అనొచ్చు. అలా పేరు మధ్యలోకి రాగలిగితే సర్వనామం మధ్యలోకే రావాలి, దానికి రెండో దారి లేదు. ‘లుక్ ద ఇష్యూ ఇంటు’ అని ఎవరూ అనరు, అందుకే ఇట్ కూడా చివరే.

పేరుకు రెండు చోట్లు, ఇట్‌కి ఒకటే ఎందుకంటారా? ఇంగ్లీషు వాళ్ళు మాట్లాడేటప్పుడు వినండి, వాక్యం చివర వచ్చే కొత్త సంగతి మీద నొక్కు పడుతుంది. ఇట్, హిమ్, దెమ్ అనేవి అప్పటికే తెలిసిన వాటిని చూపించే మాటలు, నొక్కు లేకుండా మింగేస్తారు. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో బరువంతా ఆఫ్ మీదే. బరువు లేని మాటను తీసుకెళ్ళి చివర నిలబెడితే వాళ్ళ చెవికి వాక్యం కుంటుతుంది. అదే ‘దిస్ వన్’ అని వేలు పెట్టి చూపిస్తే నొక్కు ఉంటుంది కాబట్టి ‘పిక్ అప్ దిస్ వన్’ తప్పు కాదు.

ఒక్కోసారి చోటు మారితే అర్థమే మారిపోతుంది. ‘సీ త్రూ ఇట్’ అంటే అందులోని మోసం కనిపెట్టడం, ‘సీ ఇట్ త్రూ’ అంటే మొదలుపెట్టిన పనిని చివరిదాకా నడిపించడం. క్లయింట్‌తో ఈ రెండూ తారుమారైతే కష్టం.

తెలుగుమీడియం_కుర్రాడు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ, ‘దాన్ని కింద, దాని కింద’ చదివాక మొదటిసారి ఏదో వెలిగినట్టు అనిపించింది. కానీ ఒక అనుమానం. నాకు మొదట ‘పిక్ అప్ ఇట్’ అనే ఎందుకు వచ్చింది? బళ్ళో అలా ఎవరూ నేర్పలేదే.

పాతనిఘంటువు:

దానికి కారణం మన రోజువారీ మాటే అనుకుంటాను. మనం ‘దాన్ని స్విచాఫ్ చెయ్యి’, ‘నన్ను పికప్ చేస్కో’, ‘స్టేషన్ దగ్గర డ్రాప్ చెయ్యి’ అంటాం. ఇంగ్లీషులో రెండు మాటలుగా ఉన్న స్విచ్, ఆఫ్ తెలుగులోకి ఒకే ముద్దగా వచ్చాయి, దానికి ‘చేయి’ తగిలించాం. తెలుగులో అది తప్పేమీ కాదు, భాష అలాగే అరువు తెచ్చుకుంటుంది. కానీ తిరిగి ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ ముద్ద విడదీయబుద్ధి కాదు, చివర ఇట్ తగిలిస్తాం. విడదీయాలి, అంతే. ఇంగ్లీషులో కూడా నామవాచకమైతే ‘పికప్’, ‘లాగిన్’ అని కలిపి రాస్తారు, క్రియ అయితే విడిగా రాస్తారు.

ఇది మన ఒక్కరి బాధ కాదని కూడా తెలుసుకోండి. శామ్యూల్ జాన్సన్ 1755లో వేసిన నిఘంటువు ముందుమాటలోనే, క్రియల వెనక ఇలా చిన్న మాటలు చేర్చి అర్థం మార్చే పద్ధతి పరాయి దేశస్థులకు అన్నిటికన్నా కష్టమని రాశాడు. ఇలాంటి క్రియలకు ‘ఫ్రేజల్ వర్బ్’ అనే పేరు చాలా తర్వాతది, లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత 1925లో వాడాడు, ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్తే చెప్పాడు. పాత ఇంగ్లీషులో ఈ దిక్కు మాటలు చాలావరకు క్రియకు ముందే అతుక్కుని ఉండేవి, ‘ఓవర్‌కమ్’, ‘విత్‌స్టాండ్’ లాంటివి ఆ కాలపు గుర్తులు. తర్వాత తర్వాత అవి వెనక్కి జరిగి విడిపోయాయి. నాకు ఈ చరిత్ర చదివినప్పుడల్లా మన ‘పైకెత్తు’, ‘వెనుదిరుగు’ గుర్తొస్తాయి.

అనుమానం వస్తే విద్యార్థుల కోసం వేసిన నిఘంటువు తెరవండి. అందులో ‘లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ’ అని ఉంటే సర్వనామం చివర, ‘లుక్ సమ్‌థింగ్ అప్’ అని ఉంటే మధ్యలో. కొత్త మాట నోట్ చేసుకునేటప్పుడు ఇట్‌తో కలిపే రాసుకోండి.

తెలుగుమీడియం_కుర్రాడు:

రేపటి మెయిల్ కోసం నాలుగు వాక్యాలు రాశాను, చూసి చెప్పండి. ‘ఐ విల్ కాల్ యూ బ్యాక్.’ ‘వి వర్క్‌డ్ ఇట్ అవుట్.’ ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్.’ ‘ప్లీజ్ సెండ్ బ్యాక్ మీ ద ఫైల్.’

బడిపంతులు_కృష్ణాజిల్లా:

మొదటి మూడూ సరిగ్గా ఉన్నాయి బాబూ. మూడోదాంట్లో రెండు చిన్న మాటలు ఉన్నాయి కదా, చివరిది ‘టు’, అది ఇట్‌ని పట్టుకుని ఉంది, అందుకే ఇట్ దాని వెనకే. ‘పుట్ అప్ విత్ ఇట్’ (దాన్ని భరించు) కూడా ఇంతే.

నాలుగోదాంట్లో మీ పాత ముద్ద మళ్ళీ వచ్చింది, ‘సెండ్ బ్యాక్’ అని. ‘మీ’ అనేది బరువు లేని మాట, దాన్ని ముందుకు జరపండి: ‘ప్లీజ్ సెండ్ మీ బ్యాక్ ద ఫైల్’. అది తప్పు కాదు గానీ ‘సెండ్ మీ బ్యాక్’ వరకు వినగానే మిమ్మల్నే తిరిగి పంపించమన్నట్టు ఉంటుంది. ‘ప్లీజ్ సెండ్ ద ఫైల్ బ్యాక్ టు మీ’ అని రాయండి. ఫైల్ సంగతి ముందే వచ్చి ఉంటే ‘సెండ్ ఇట్ బ్యాక్ టు మీ’ చాలు.