5 నెలల పల్సర్ టైమింగ్‌లో ఎఫ్1 (తిరుగుడు వేగం మారే రేటు) ప్లస్ వస్తోంది, ఏది నమ్మాలి?

ప్రశ్న (తారాచూర్ణం):
యూజీఎంఆర్‌టీ (పుణె దగ్గరి రేడియో టెలిస్కోప్) బ్యాండ్ 3లో దొరికిన పల్సర్ (తిరుగుతూ రేడియో పల్స్‌లు పంపే నక్షత్రం), పీరియడ్ (ఒక తిరుగుడు సమయం) 0.62 సెకన్లు. 5 నెలల్లో 14 టీఓఏలు (పల్స్ చేరిన సమయాలు), ఒక్కోదానికి ఎర్రర్ 1 మిల్లీసెకను. ఎఫ్0 (తిరుగుడు వేగం) ఒక్కటే ఫిట్ చేస్తే రెసిడ్యువల్స్ (కొలిచిన సమయానికీ లెక్కకీ తేడాలు) బోర్లించిన మూకుడులా వంగుతున్నాయి, ఎత్తు 35 మిల్లీసెకన్లు. ఎఫ్1 కలిపితే వంపు పోతోంది గానీ గుర్తు ప్లస్. ఆర్‌ఏ, డెక్ (ఆకాశంలో పొజిషన్) కూడా ఫిట్‌లో పెడితే ఎర్రర్లు కొండంత. ఏది సరి?

బారీసెంటర్:
ఇప్పటికి ఏదీ నమ్మకండి. మామూలు పల్సర్ తిరుగుడు తగ్గుతూ పోతుంది. జంటతారో, గ్లాబ్యులర్ క్లస్టర్ అనే తారల గుంపులోదో కాకపోతే, ప్లస్ గుర్తు కనబడగానే పొజిషన్‌నే అనుమానించాలి.

సూర్యుడి నుంచి భూమికి కాంతి ప్రయాణం 499 సెకన్లు. క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడి దారి) దగ్గరి పల్సర్‌కి పొజిషన్‌లో 1 ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు) తప్పుంటే ఏడాది పొడవు అల వస్తుంది, ఎత్తు 2.4 మిల్లీసెకన్లు. 20 ఆర్క్ సెకన్లకు 48. మీ 5 నెలల్లో ఆ అల శిఖరం పడిందంటే సుమారు 35 మిల్లీసెకన్ల పారబోలాలాగే ఉంటుంది. పీడాట్ (పీరియడ్ పెరిగే రేటు) 10⁻¹⁵ ఉన్నా వంపు దాదాపు అంతే, కాకపోతే మూకుడు వెల్లకిలా ఉంటుంది. రెంటినీ విడదీయాలంటే ఏడాది డేటా కావాలి.

అంతదాకా ఆగలేకపోతే, విజిబిలిటీలు (చిత్రం తయారు చేయడానికి కావాల్సిన యాంటెన్నా జంటల డేటా) రికార్డై ఉంటే ఫీల్డ్‌ని ఇమేజ్ చేయండి. కనబడ్డ పాయింట్ సోర్స్‌ల మీద ఒక్కొక్కదానిపై ఫేజ్డ్ అరే బీమ్ (యాంటెన్నాలన్నీ కలిపిన సన్నని చూపు) పెట్టి ఫోల్డ్ చేస్తే (పీరియడ్ ప్రకారం పల్స్‌లను ఒకదానిపై ఒకటి పేరిస్తే), ఎస్ఎన్ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం) ఎగిరిపడేదే మీ పల్సర్. ఆ పొజిషన్ పార్ ఫైల్‌లో (పల్సర్ వివరాలుండే ఫైల్) బిగించాకే ఎఫ్1ని ఫిట్‌లో పెట్టండి. బ్యాండ్ 3లో అయనోస్ఫియర్ చిత్రాన్ని కొన్ని ఆర్క్ సెకన్లు జరపగలదు, తెలిసిన సోర్స్‌లతో సరిచూసుకోవాలి.

గడియారం:
అంతకంటే ముందు, తిరుగుళ్ల లెక్క తప్పలేదని ఖాయమేనా? గంట ఎడంగా రెండు టీఓఏలుంటే ఎఫ్0లో పొరపాటు 10 లక్షల్లో 0.4 వంతు. రేపటికి 34 మిల్లీసెకన్లు, పర్లేదు. నెలకి 1 సెకను, అంటే తిరుగుడున్నర. అందుకే అదే రోజు రెండుసార్లు, మర్నాడు, 3 రోజులకు, 10 రోజులకు, ఆ తర్వాతే నెలకు చూడాలి.

తారాచూర్ణం:
మొదటి వారంలోనే 5 ఉన్నాయండి, లెక్క తప్పలేదు. డీఎం (దారిలోని ఎలక్ట్రాన్ల మొత్తం, సిగ్నల్‌ని ఆలస్యం చేస్తుంది) తేడా వల్ల కావచ్చా?

బారీసెంటర్:
కాదు. 0.01 తేడా 400 మెగాహెర్ట్జ్ దగ్గర 0.26 మిల్లీసెకన్లే. సైట్ కోడ్ (టెలిస్కోప్ ఏదో చెప్పే గుర్తు) తప్పైనా రోజువారీ ఊగిసలాటే వస్తుంది, మూకుడు రాదు.