యాపిల్ ఒక్కటే, విలువలు మాత్రం మూడు: బ్రాండ్ల ర్యాంకులలో దేనిని నమ్మాలి?

ప్రశ్న: హనుమకొండ కామర్స్ లెక్చరర్

హనుమకొండలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో బీకాం విద్యార్థులకు మార్కెటింగ్ బోధిస్తున్నాను. ప్రపంచంలో అత్యంత విలువైన బ్రాండ్లపై సెమినార్ పెడితే మూడు బృందాలు, బ్రాండ్లకు విలువ కట్టే మూడు సంస్థల నుంచి మూడు జాబితాలు పట్టుకొచ్చాయి. 2024లో యాపిల్ బ్రాండ్ విలువ ఇంటర్‌బ్రాండ్ లెక్కలో 488.9 బిలియన్ డాలర్లు, బ్రాండ్ ఫైనాన్స్ లెక్కలో 516.6 బిలియన్ డాలర్లు, కాంటార్ లెక్కలో ఏకంగా ట్రిలియన్ డాలర్ల పైచిలుకు. మూడింటిలోనూ యాపిల్‌దే మొదటి స్థానం కాబట్టి అంతవరకు ఎలాగో సర్దిచెప్పగలిగాను.

అసలు చిక్కు మన దేశపు జాబితాల దగ్గర వచ్చింది. అదే ఏడాది కాంటార్ భారతీయ జాబితాలో టీసీఎస్ విలువ 49.7 బిలియన్ డాలర్లు కాగా, బ్రాండ్ ఫైనాన్స్ జాబితాలో టాటా గ్రూపు మొత్తం విలువ 28.6 బిలియన్ డాలర్లే. వెనుక బెంచీలో కూర్చున్న భూపాలపల్లి అబ్బాయి లేచి, "సార్, టీసీఎస్ టాటాలనే ఉన్నది గదా, మరి గంపకన్నా గంపలున్న పండు పెద్దగెట్లయితది?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది గానీ, ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకంలో సమాధానం లేదు. ఈ మూడింటిలో ఏది సరైనదని విద్యార్థులకు చెప్పాలి? కంపెనీ ఖాతాలను ఆడిట్ చేసినట్టు ఈ లెక్కలను తనిఖీ చేసేవారెవరైనా ఉన్నారా?

జవాబు 1: కరీంనగర్ ఆడిటర్

సార్, ముందుగా ఆ అబ్బాయిని నా తరఫున అభినందించండి. మూడు సంస్థలూ "విలువ" అనే చెబుతున్నాయి గానీ, మూడూ కొలుస్తున్నది ఒకే వస్తువును కాదు.

బ్రాండ్ ఫైనాన్స్ అడిగే ప్రశ్న ఇది: ఈ పేరు తనది కాకపోయి ఉంటే, దానిని వాడుకున్నందుకు కంపెనీ ఏటా ఎంత అద్దె కట్టాల్సి వచ్చేది? ఆ రంగంలో ట్రేడ్‌మార్కు లైసెన్సులకు చెల్లిస్తున్న రాయల్టీ శాతాలను చూసి, బ్రాండ్ బలాన్నిబట్టి ఒక శాతాన్ని ఎంచుకుని, రాబోయే ఏళ్ల అమ్మకాలకు దానిని వర్తింపజేసి, వచ్చిన మొత్తాన్ని నేటి విలువకు తగ్గిస్తారు. ఇది ఊహాజనితమైన అద్దె అనిపించవచ్చు గానీ, టాటాల విషయంలో అది వాస్తవంగానే ఉన్నది. టాటా పేరు వాడుకునే గ్రూపు కంపెనీల నుంచి టాటా సన్స్ వార్షిక రాబడిలో 0.25 శాతం వరకు రుసుము వసూలు చేస్తుంది. ఉక్కుకు, కరెంటుకు పేరును చూసి ఇచ్చే అద్దె ఎంత స్వల్పంగా ఉంటుందో మీరే ఊహించవచ్చు.

కాంటార్ అలా మొదలుపెట్టదు. ముందు కంపెనీ మొత్తం ఆర్థిక విలువలో ఆ బ్రాండుకు చెందే భాగాన్ని తీసుకుంటుంది. ఆ తరువాత వినియోగదారుల సర్వేల ఆధారంగా, అందులో కేవలం పేరు వల్ల వచ్చినదెంతో లెక్కగడుతుంది. టీసీఎస్ మార్కెట్ విలువ చాలా పెద్దది కాబట్టి, అందులో ఒక భాగమే అయినా పెద్ద అంకె అవుతుంది. బ్రాండ్ ఫైనాన్స్ టీసీఎస్‌ను విడిగా లెక్కించినప్పుడు అదే 2024లో 19.2 బిలియన్ డాలర్లు వచ్చింది. టాటా మొత్తం కంటే అది తక్కువే. అంటే ఒక్కొక్క పద్ధతి లోపల గంప గంపగానే, పండు పండుగానే ఉన్నాయి. ఈ గంపలోని పండును ఆ గంపతో పోల్చినప్పుడే పేచీ వస్తుంది.

ఇంటర్‌బ్రాండ్ మూడో దారి. పెట్టుబడి ఖర్చు పోను మిగిలిన ఆర్థిక లాభాన్ని తీసుకుని, కొనుగోలు నిర్ణయంలో పేరు పాత్ర ఎంత, ఆ పేరు ఎంత బలంగా నిలుస్తుంది అని చూస్తుంది. పైగా దానికి ప్రవేశ నిబంధనలు ఉన్నాయి: రాబడిలో కనీసం 30 శాతం సొంత ప్రాంతం వెలుపలి నుంచి రావాలి. చైనా బ్యాంకు ఐసీబీసీ 2024 బ్రాండ్ ఫైనాన్స్ జాబితాలో మొదటి పది స్థానాల్లో కనబడి, ఇంటర్‌బ్రాండ్ జాబితాలో కనబడకపోవడానికి కారణం ఇటువంటి నిబంధనలే.

తనిఖీ సంగతి అడిగారు. బ్రాండ్లకు విలువ కట్టడానికి 2010లో వచ్చిన ఐఎస్ఓ 10668 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది గానీ, అది ఆదాయం, మార్కెట్, ఖర్చు అనే మూడు మార్గాలనూ అనుమతిస్తుంది. అందువల్ల ప్రమాణాన్ని పాటిస్తూనే ఇద్దరు రెండు వేర్వేరు విలువలు చెప్పవచ్చు. ఇక కంపెనీ ఖాతాలలోకి వస్తే, సొంతంగా పెంచుకున్న బ్రాండును ఆస్తిగా చూపించడాన్ని మన దేశపు అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 38 అనుమతించదు; డబ్బు పెట్టి కొన్న బ్రాండునైతే చూపవచ్చు. 1988లో బ్రిటన్‌కు చెందిన ర్యాంక్ హోవిస్ మెక్‌డూగల్ అనే ఆహార సంస్థ, తనను స్వాధీనం చేసుకోబోయిన వారిని నిలువరించిన తరువాత, సొంత బ్రాండ్లకు ఇంటర్‌బ్రాండ్ చేత విలువ కట్టించి ఆస్తి అప్పుల పట్టీలో చేర్చింది. ఈ వృత్తికి ఊపు వచ్చింది అక్కడి నుంచే.

జవాబు 2: కాశిబుగ్గ సర్వే అన్న

ఆడిటర్ గారు సర్వే అన్న మాటను ఒక్క వాక్యంలో దాటేశారు. కొన్నేళ్లపాటు వరంగల్‌లో మార్కెట్ సర్వేలకు ఇంటింటికీ తిరిగినవాడిగా ఆ భాగం గురించి చెబుతాను.

మొదట ఏ జాబితా చూపించకుండా, "టీపొడి అనగానే మీకు గుర్తుకొచ్చే పేర్లు చెప్పండి" అని అడుగుతాం. చెప్పిన వరుసలోనే రాసుకోవాలి, ఎందుకంటే మొదట నోటికొచ్చిన పేరుకు వేరే లెక్క ఉంటుంది. ఆ తరువాత కార్డు చూపించి, ఏది మీ అవసరానికి తగినది, ఏది మిగతావాటికంటే భిన్నమైనది అని అడుగుతాం. ఒక ఇంట్లో పెద్దమ్మ ఏమాత్రం తడుముకోకుండా ఒక పెద్ద కంపెనీ పేరు చెప్పింది. ఆమె వెనుక అల్మారాలో ఉన్న పొట్లం మాత్రం వేరే కంపెనీది. అడిగితే, "ఖాతా ఉన్న దుకాణంల అదే దొరుకుతది బిడ్డా" అన్నది. మనసులో ఉన్న పేరు ఒకటి, ఉద్దెరకు దొరికే సరుకు ఒకటి. పేరు వల్ల జరిగే అమ్మకాన్ని ధర, అందుబాటు, అప్పు వంటి వాటి వల్ల జరిగే అమ్మకం నుంచి విడదీయాలనే కాంటార్ ప్రయత్నం సరైనదే. కానీ ఆ విడదీత ఆమె చెప్పిన జవాబు మీద ఆధారపడుతుంది, అల్మారాలో ఉన్న పొట్లం మీద కాదు. అందుకే ఆ ట్రిలియన్ డాలర్లలో ఎంత భాగం నిజంగా కొలిచినది, ఎంత భాగం అంచనా అన్న అనుమానం నాకు ఎప్పుడూ ఉంటుంది.

జవాబు 3: బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, కాజీపేట

నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. కొనేవాడు లేని విలువ విలువే కాదు. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ బ్రాండును ఒకప్పుడు 4,000 కోట్ల రూపాయలకు పైగా లెక్కగట్టారు. బ్యాంకులు దానిని తాకట్టుగా కూడా అంగీకరించాయి. 2016 ఏప్రిల్‌లో ఆ ట్రేడ్‌మార్కులను 366.70 కోట్ల కనీస ధరకు వేలం వేస్తే ఒక్కరూ పాట పాడలేదు. మా వృత్తిలో తాకట్టు వస్తువును అమ్మితే ఎంత వస్తుందన్నదే చూడాలి. పైగా ఈ ర్యాంకులు ఇచ్చే సంస్థలే ఆ కంపెనీలకు బ్రాండ్ సలహాలు అమ్ముకుంటాయి. ఇది పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి.

కరీంనగర్ ఆడిటర్

పెద్దవారు చెప్పిన చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. కింగ్‌ఫిషర్ ఉదాహరణ మాత్రం ఇక్కడికి సరిపోదు. ఆ విమానాలు 2012లోనే ఆగిపోయాయి. జాబితాలు లెక్కించేది నడుస్తున్న వ్యాపారంలోని పేరు విలువను. వ్యాపారం ఆగిపోయిన మూడున్నరేళ్లకు, జీతాల బకాయిలు, కేసులు అంటుకున్న పేరును ఎవరు కొంటారు? అదే పేరుతో ఉన్న బీరు మన దగ్గర ఎండాకాలంలో ఎలా అమ్ముడుపోతుందో చెప్పనక్కరలేదు. దానిని తాకట్టుగా తీసుకోవడం తప్పు కావచ్చు గానీ, లెక్కగట్టడమే తప్పు అనలేము.

అంతకంటే గట్టి ఆక్షేపణ నేనే చెబుతాను. బ్రాండ్ ఫైనాన్స్ లెక్కలో యాపిల్ విలువ 2023లో 297.5 బిలియన్ డాలర్లు. ఆ ఏడాది దానిని దాటి అమెజాన్ మొదటి స్థానంలో ఉన్నది. 2024లో అదే యాపిల్ 516.6కు, అంటే దాదాపు 74 శాతం పెరిగింది. ఆ మధ్యకాలంలో యాపిల్ వార్షిక అమ్మకాలు 394 బిలియన్ల నుంచి 383 బిలియన్లకు తగ్గాయి. కాబట్టి పెరిగినది అమ్మకం కాదు. ఆ అమ్మకంలో పేరుకు ఎంత వాటా ఇవ్వాలి, అది ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న అంచనాయే. ఒక్క ఏడాదిలో అంచనా అంతగా మారగలిగినప్పుడు, 2023లో మొదటి స్థానంలోని అమెజాన్‌కూ రెండో స్థానంలోని యాపిల్‌కూ మధ్య ఉన్న 1.8 బిలియన్ల తేడాను పతాక శీర్షికగా వేయడం నాకు నవ్వు తెప్పిస్తుంది. ఒకే సంస్థ జాబితాను పదేళ్లపాటు వరుసగా చదివితే మాత్రం ప్రయోజనం ఉంటుంది. ఇంటర్‌బ్రాండ్‌లో 2000 నుంచి 2012 వరకు కోకా-కోలా మొదటి స్థానంలో ఉండి, 2013లో యాపిల్, గూగుల్ రెండూ ఒకేసారి దానిని దాటిపోవడం నిజంగా జరిగిన మార్పును చూపించింది.

హనుమకొండ కామర్స్ లెక్చరర్

అందరికీ ధన్యవాదాలు. ఈసారి ర్యాంకులు రాయమని అడగను. ప్రతి బృందం తన జాబితా ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నదో, ఏ బ్రాండ్లకు అందులో ప్రవేశమే లేదో రాసుకురావాలి. దీనికి ఒక స్థానిక అభ్యాసం కూడా జోడించాలని ఉన్నది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ డర్రీలకు, అంటే మన జంపఖానాలకు, ఆడిటర్ గారు చెప్పిన అద్దె పద్ధతిలో విలువ కట్టవచ్చా?

కొత్తవాడ చేనేత

అద్దె పద్ధతి కుదరదు సార్. ఆ పేరు ఒక యజమానిది కాదు. నియమాలు పాటించి నేసే వారందరిదీ. అద్దెకు ఇచ్చేవాడు లేనప్పుడు రాయల్టీ శాతం ఎక్కడి నుంచి తెస్తారు? మా దగ్గర పనికొచ్చే లెక్క ఒకటే: వరంగల్ పేరుతో అమ్మిన జంపఖానా ధర నుంచి, అదే నాణ్యత గల పేరులేని జంపఖానా ధరను తీసివేయడం. విద్యార్థులను పంపితే మగ్గం దగ్గరి ధర, షాపు ధర రెండూ చెబుతాము. ఆ తేడాలో నేసినవారికి ఎంత చేరుతున్నదో వేరే గడిలో రాయించండి. పోల్చేటప్పుడు నూలు రకం, కొలత, బరువు ఒకటే ఉండేలా చూడమనండి. మరమగ్గం మీద తయారైన దానిని చేతి నేతతో కలిపితే లెక్క మొత్తం చెడిపోతుంది.