ఫోటో ప్రింటులో పసుపు రంగు ఆకుపచ్చకు తిరుగుతోంది: తప్పు ఎక్కడ?

నమస్కారం. మా చెల్లెలి పెళ్లి ఫోటోలను ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటర్‌పై గ్లాసీ కాగితం మీద ముద్రిస్తుంటే, తెరపై నిండుగా కనిపించే మంగళస్నానం నాటి పసుపు చీర కాగితంపై పచ్చిమామిడికాయ రంగుకు తిరుగుతోంది, ముఖాలు కూడా ఒక ఛాయ నల్లబడుతున్నాయి.

మానిటర్‌లోని తెలుపు ఛాయను కొలత పరికరంతో 6500 కెల్విన్‌కు సరిచేసి, వెలుతురును చదరపు మీటరుకు 120 క్యాండెలాలకు తగ్గించి చూసుకుంటూ ఫోటోలను సవరించాక ముఖాల నలుపు చాలావరకు పోయింది కానీ, చీర మాత్రం మారలేదు. ఇంకు చిమ్మే రంధ్రాలు మూసుకుపోయాయేమో చూసే నాజిల్ పరీక్షలో గీతలన్నీ తెగకుండా వచ్చాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ కాగితానికి చెందిన ఐసీసీ ప్రొఫైల్‌నే (ఆ ప్రింటర్, ఇంకు, కాగితం కలిసి రంగులను ఎలా చూపిస్తాయో తెలిపే ఫైల్) ఎంచుకున్నాను, అయితే ప్రింటర్ డ్రైవర్‌లోని (కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) రంగుల సవరణను ఆపలేదని నిన్ననే గమనించాను.

ఇలా రెండుచోట్లా సవరణ జరగడం వల్లే రంగు చెడుతోందా, లేక నేను వాడేది ప్రింటర్ కంపెనీ ఇంకు కానందున ఆ ప్రొఫైల్ అసలు పనికిరాదా? కాగితాలు రెండే మిగిలాయి (వాటి ధర మీకు తెలియనిది కాదు), కనుక ముందుగా దేన్ని పరీక్షించాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.