ఐటీఐలో ఏం నేర్పాలో కంపెనీలే చెప్పాలా?

అంబత్తూరు రావు: మాది చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో చిన్న మెషిన్ షాపు. ఫిట్టర్ ట్రేడు రెండేళ్లు చదివొచ్చిన కుర్రాడికి మొన్న సన్న కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ చేతికిస్తే మెయిన్ స్కేలు చూసి ఊరుకున్నాడు, దానిమీద జరిగే చిన్న స్కేలు చదవనే లేదు. 0.02 మిల్లీమీటర్ల తేడాకే మా పీసు రిజెక్ట్ అవుతుంది మరి! చుట్టుపక్కల ఎవరికి ఏ పనివాళ్లు కావాలో ముందే కనుక్కుని సిలబస్ పెడితే ఏం పోయింది?

తడ కుర్రాడు: ఇంకా వెర్నియరేనా అన్నా? మా లైనులో అంతా డిజిటల్.

అంబత్తూరు రావు: డిజిటల్ అయినా ముందు జీరో సెట్ చెయ్యాలి. నాలుగుసార్లు కొలిస్తే నాలుగు రీడింగులొస్తాయి, చెయ్యి తిరగకపోతే.

పెరంబూర్ పద్మ: తమిళనాడు ప్రభుత్వం నాన్ ముదల్వన్ అని నైపుణ్యాల పథకం 2022లో పెట్టిందే ఇందుకు కదా. వెర్నియర్ వదలండి బాబూ.

మాజీ ట్రైనీ: రావుగారూ, నోకియా ఫోన్ల ఫ్యాక్టరీ చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్‌లో 2006లో మొదలై 2014 నవంబరులో మూతపడింది. ఫోర్డ్ ఇక్కడ కార్లు ఆపేస్తామని 2021లో చెప్పింది. అడిగిందే నేర్పుతాం సరే, అడిగిన కంపెనీయే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతే? నా సంగతి చెప్తా, కంపెనీ పేరొద్దు. రెండేళ్లు అసెంబ్లీ లైనులో ఒకే స్టేషన్, అవే నాలుగు బోల్టులు. తర్వాత సర్టిఫికెట్ ఇచ్చి పంపేశారు. 1961 అప్రెంటిస్ చట్టంలో మేం ట్రైనీలమే, వర్కర్లం కాము.

అంబత్తూరు రావు: ఎవరో చేసిన దానికి నన్నెందుకు దులుపుతారు? ఓనరంటే దొంగేనా?

మాజీ ట్రైనీ: ఆ మాట నేనన్నానా? నేర్పే ఖర్చు గవర్నమెంటుది, లాభం మీది. మీరడిగేది అదే!

అంబత్తూరు రావు: ఖర్చు పెట్టలేదా నేను? గూడూరు కుర్రాడికి ఎనిమిది నెలలు దగ్గరుండి గ్రైండింగ్ నేర్పా. ఎన్ని వీల్స్ పగలగొట్టాడో. పొంగల్‌కి ఊరెళ్లొచ్చి, 2,000 ఎక్కువిస్తారని పక్క షాపులో చేరాడు. ఫోను కూడా ఎత్తలేదు. ఇంకోడికి నేర్పమంటారా?

మాజీ ట్రైనీ: ఆ 2,000 మీరే ఇవ్వాల్సింది.

అంబత్తూరు రావు: ఇస్తే రేటు పెంచాలి, పెంచితే ఆర్డరు పోతుంది. మీకేం, చెప్తారు.

పెరంబూర్ పద్మ: అంటే గొడవ సిలబస్‌తో కాదన్నమాట.

మాజీ ట్రైనీ: ఆ కుర్రాడి పనెలా ఉంది ఇప్పుడు?

అంబత్తూరు రావు: పోయిన నెల అర్జెంటయి ఒక లాట్ ఆ షాపుకే జాబ్‌వర్క్‌కి, అంటే కూలికి చేసిపెట్టమని, ఇచ్చాను. గ్రైండింగ్ వాడే చేశాడట. ఒక్క పీసూ రిజెక్ట్ కాలేదు.

తడ కుర్రాడు: వెర్నియర్‌తోనే కొలిచారా అన్నా?