హాస్పిటల్‌కి ఆల్ ఫ్లాష్ స్టోరేజ్ (అన్నీ ఎస్‌ఎస్‌డీలే) అవసరమా, హైబ్రిడ్ (ఎస్‌ఎస్‌డీలూ తిరిగే డిస్కులూ కలిపి) సరిపోతుందా? చైర్మన్ గారికి ఏం చెప్పాలో తెలీట్లేదు

కంటోన్మెంట్_ఐటీ (విజయనగరం):

అందరికీ నమస్తే. విజయనగరంలో ఒక 150 పడకల హాస్పిటల్‌లో ఐటీ చూస్తాను. ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే నేనూ ఇంకో కుర్రాడూ, అంతే. ప్రింటర్లో పేపర్ ఇరుక్కున్నా మేమే, సర్వర్ పడిపోయినా మేమే.

విషయం ఏంటంటే పొద్దున్న 9 నుంచి 11:30 దాకా ఓపీ టైమ్‌లో మా హెచ్‌ఐఎస్ (రిజిస్ట్రేషన్, రికార్డులు, బిల్లింగ్ చూసే) సాఫ్ట్‌వేర్ ఈడ్చుకుంటూ నడుస్తోంది. రిజిస్ట్రేషన్ కౌంటర్లో సేవ్ కొడితే ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది, అవతల చీపురుపల్లి నుంచీ గజపతినగరం నుంచీ మొదటి బస్సుకి వచ్చినవాళ్ళు లైన్లో నిలబడి కౌంటర్ అమ్మాయిల మీద అరుస్తారు, వాళ్ళొచ్చి నా మీద అరుస్తారు. మధ్యాహ్నం రెండు దాటాక అదే సాఫ్ట్‌వేర్ సుబ్బరంగా నడుస్తుంది.

సెటప్ ఇది: రెండు సర్వర్లు, వీఎంవేర్ (ఒక సర్వర్లో చాలా వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్), 2017లో కొన్న ఒక సాన్ బాక్స్ (రెండు సర్వర్లూ పంచుకునే డిస్కుల బాక్స్). అందులో 1.2 టీబీ 10కే (నిమిషానికి 10 వేల చుట్లు) సాస్ డిస్కులు 12, అన్నీ కలిపి ఒకటే రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా డేటా పోని పద్ధతి). సర్వర్లకి కలిపేది ఐస్కజీ, అంటే మామూలు నెట్‌వర్క్ తీగ మీదే, 1జీ స్విచ్. హెచ్‌ఐఎస్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్ 400 జీబీ దాకా ఉంది, ల్యాబ్ సాఫ్ట్‌వేర్, ట్యాలీ, ఇంకా పాక్స్ (స్కాన్, ఎక్స్‌రే బొమ్మలు దాచే సాఫ్ట్‌వేర్) ఇమేజెస్ ఒక 7 టీబీ, అన్నీ దాని మీదే.

వైజాగ్ నుంచి ఒక వెండర్ వచ్చి ఆల్ ఫ్లాష్ ఎన్‌వీఎంఈ (బాగా వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) అరే, అంటే స్టోరేజ్ బాక్స్, కోట్ చేశాడు. 23 టీబీ రా, 80 టీబీ ఎఫెక్టివ్ (డేటాని కుదించి పెడితే పట్టేది), 3 లక్షల ఐఓపీఎస్ (సెకనుకి చేసే రీడ్లూ రైట్లూ) అని పెద్ద అక్షరాల్లో ఉంది. రేటు ఏడంకెలు. చైర్మన్ గారు (డాక్టరే) అది చూసి "ఆన్‌లైన్లో ఎస్‌ఎస్‌డీలు వేలల్లో దొరుకుతుంటే వీడెవడు లక్షలు అడగడానికి, అవే ఓ నాలుగు కొని ఆ డబ్బాలో పెట్టెయ్యి బాబూ" అన్నారు. ఆయనకి ఏం చెప్పాలి? ఆల్ ఫ్లాష్ నిజంగా కావాలా, హైబ్రిడ్ చాలా, పాత బాక్స్‌లోనే ఎస్‌ఎస్‌డీలు వేసుకోవచ్చా?

---

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

బ్రదర్, కొటేషన్ పక్కన పెట్టి ముందు ఒక లెక్క చూడండి. 10కే సాస్ డిస్కు ఒక్కోటి సుమారు 140 ఐఓపీఎస్ ఇస్తుంది, 12 డిస్కులంటే 1680. కానీ రెయిడ్ 6లో ప్రతి చిన్న రైట్‌కీ లోపల ఆరు ఆపరేషన్లు పడతాయి, పాత డేటా, రెండు పారిటీలూ (డిస్కు పోతే డేటా తిరిగి కట్టుకునే లెక్కలు) చదివి మళ్ళీ మూడూ రాయాలి కాబట్టి. మీ లోడ్‌లో 60 శాతం రీడ్ 40 శాతం రైట్ అనుకుంటే 1680ని 3తో భాగించాలి, అంటే మీ చేతికొచ్చేది 560. పన్నెండు డిస్కుల బాక్స్ అని పేరే గానీ ఓపీ కౌంటరూ ల్యాబూ ఫార్మసీ బిల్లింగూ పాక్సూ అన్నీ ఆ 560 కోసం కొట్టుకుంటున్నాయన్నమాట. బాక్స్‌లో ఉండే క్యాష్ (వేగమైన మెమరీ) కొంత కాపాడుతుంది, అది నిండిపోయాక ఏమీ చెయ్యలేదు.

ఇది లెక్క మాత్రమే, మీ దగ్గర నిజంగా ఇదే జరుగుతోందో లేదో కొలిచి చూడాలి. ఓపీ టైమ్‌లో ఎస్‌క్యూఎల్ వీఎంలో పెర్ఫ్‌మాన్ (విండోస్‌లోనే ఉండే కొలత టూల్) తెరిచి డిస్క్ సెకండ్స్ పర్ రీడ్, పర్ రైట్ రెండూ రికార్డ్ పెట్టండి. 10 మిల్లీసెకండ్ల లోపు ఉంటే స్టోరేజ్ జోలికి పోకండి, తప్పు ఇంకెక్కడో ఉంది. 20 దాటి అక్కడే కూర్చుంటే డిస్కే. అలాగే వీఎంవేర్ వైపు ఈఎస్‌ఎక్స్‌టాప్ అనే టూల్‌లో డీఏవీజీ, కేఏవీజీ అనే రెండు ఆలస్యం అంకెలూ చూడండి. డీఏవీజీ పెరిగితే బాక్స్ గానీ దాని దారి గానీ, కేఏవీజీ పెరిగితే సర్వర్ లోపలి క్యూ.

ఇంకోటి, ఎస్‌క్యూఎల్ వీఎంకి ర్యామ్ ఎంత ఇచ్చారు? 400 జీబీ డేటాబేస్‌కి 16 జీబీ ఇచ్చి స్టోరేజ్‌ని తిట్టుకునే చోట్లు చాలా చూశాను. ర్యామ్ పెంచితే రీడ్లు సగానికి సగం పోవచ్చు. రైట్లు మాత్రం ఎక్కడికీ పోవు.

---

జీడిబద్ద (పలాస):

ఓలమ్మో, ఆన్‌లైన్ ఎస్‌ఎస్‌డీలు ఏటండి బాబూ, హాస్పిటల్‌కా!! మా పక్క యూనిట్‌లో జీడిపప్పు గ్రేడింగ్ మెషీన్ల డేటా, బిల్లింగ్ అన్నీ ఉన్న సర్వర్లో వాళ్ళ అకౌంటెంటు గారి మేనల్లుడు ఎవరో వచ్చి ల్యాప్‌టాప్‌ ఎస్‌ఎస్‌డీలు నాలుగు పెట్టి వెళ్ళాడు, కొన్నాళ్ళు రాకెట్‌లా పోయింది, ఒకరోజు కరెంట్ పోయి యూపీఎస్ బ్యాటరీ కూడా ఎండిపోయుండటంతో ఠక్కున ఆగింది, మళ్ళీ ఆన్ చేస్తే డేటాబేస్ సస్పెక్ట్ మోడ్, అంటే తెరుచుకోదు.

ఏటంటే ఇంట్లో వాడే ఎస్‌ఎస్‌డీ "రాసేశాను" అని చెప్పేటప్పటికి డేటా ఇంకా దాని ర్యామ్‌లోనే ఉండొచ్చు. సర్వర్ గ్రేడ్ దాంట్లో కెపాసిటర్లు ఉంటాయి, కరెంట్ పోయినా ఆ కాస్త పవర్‌తో లోపలున్నది ఫ్లాష్‌కి రాసి మరీ చస్తుంది. పవర్ లాస్ ప్రొటెక్షన్ అంటారు. చైర్మన్ గారికి ఇదొక్కటి చెప్పండి చాలు, డాక్టర్లకి బ్యాకప్ పవర్ సంగతి వెంటనే అర్థమౌతాది, వాళ్ళ వెంటిలేటర్లకీ అదే కదా.

ఇంకో ముక్క. పాత బాక్సుల కంట్రోలర్‌లో (డిస్కుల్ని నడిపే బోర్డు) క్యాష్‌కి బ్యాటరీ ఉంటాది, మామూలుగా 48 నుంచి 72 గంటలు పట్టుంచుతాది. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంట్ లేదు, 72 గంటలు దాటితే ఆ క్యాష్‌లో ఉన్నది గాల్లో కలిసినట్టే. కొత్తవాటిల్లో కరెంట్ పోగానే క్యాష్‌ని ఫ్లాష్‌లోకి దించేస్తాయి, తర్వాత వారం పోయి ఆన్ చేసినా ఉంటాది. ఉత్తరాంధ్రలో ఏది కొన్నా ఈ లైను స్పెక్‌షీట్‌లో వెతికి చూసుకోండి, వెండర్ తనంతట తను చెప్పడు.

---

మేఘాలలో_తేలిపోమన్నది:

ఇంకా ఆన్ ప్రెమ్ (సొంత సర్వర్లు) ఏంటి గురూ, మొత్తం క్లౌడ్‌లో పెట్టేసి హాయిగా పడుకోండి

---

నాగావళి_గట్టు:

పైన అన్నగారికి, సీటీ స్కాన్‌లో ఒక స్లైస్ 512 బై 512, 16 బిట్, అంటే అర ఎంబీ. 500 స్లైసులంటే ఒక్క పేషెంట్‌కే 250 ఎంబీ. రోడ్డు తవ్వినప్పుడల్లా తెగే ఫైబర్ మీద రేడియాలజిస్ట్‌ని కూర్చోబెట్టమంటారా. అది వేరే చర్చ, వదిలేద్దాం.

---

కంటోన్మెంట్_ఐటీ:

థాంక్స్ అండీ. కొలిచాను. ఓపీ టైమ్‌లో రీడ్ 35 నుంచి 40 మిల్లీసెకండ్లు, లాగ్ డ్రైవ్ (డేటాబేస్ ప్రతి మార్పునీ ముందు రాసుకునేది) రైట్ 25 పైనే. డీఏవీజీ 38 దాకా పోతోంది, కేఏవీజీ 1 లోపే. భోజనాల టైమ్‌లో అన్నీ 6కి దిగిపోతున్నాయి. గట్టు గారూ, మీరు 560 అన్నారు, నా బాక్స్ గ్రాఫ్ 590 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతోంది, అంతకంటే పైకి పోదు! ర్యామ్ నిజంగానే 16 జీబీయే, మీకెలా తెలిసింది 😅 సర్వర్లో ఖాళీ ఉంది కాబట్టి 64 చేశాను, కౌంటర్ దగ్గర కొంచెం తేడా తెలుస్తోంది గానీ లాగ్ రైట్ అలాగే ఉంది.

ఇంకోటి కనబడింది. పాక్స్‌లో ప్రీఫెచ్ అని ఒక జాబ్ ఉంది, ఆ రోజు అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్ళ పాత స్కాన్లన్నీ ముందే లాగి పెడుతుంది. అది పొద్దున్న 8:30కి మొదలై పదిదాకా నడుస్తోంది. ఎవరు పెట్టారో ఆ టైము.

---

నాగావళి_గట్టు:

ఆ జాబ్‌ని తెల్లవారుజాము నాలుగింటికి మార్చండి, పైసా ఖర్చు లేదు.

ఇక కొనే విషయం. మీకు ఫ్లాష్ కావాలి, సందేహం లేదు, కానీ 7 టీబీ పాక్స్‌కి వద్దు. పాక్స్ పెద్ద పెద్ద ఫైళ్ళు వరసగా చదువుతుంది, దానికి మామూలు డిస్కే బాగా సరిపోతుంది. డిస్కు చచ్చేది 8 కేబీ ముక్కలు అటూఇటూ ఎగిరెగిరి రాయాల్సొచ్చినప్పుడు, అది మీ డేటాబేస్ చేసే పని. 400 జీబీ డేటాబేస్, ల్యాబ్, ట్యాలీ, వీఎంల ఓఎస్ డిస్కులు అన్నీ కలిపినా 2 టీబీ దాటదు. వాటికి మాత్రం ఫ్లాష్.

పాత బాక్స్‌లోనే ఎస్‌ఎస్‌డీలు వెయ్యొచ్చా అన్నారు. ఆ కంపెనీ ఫర్మ్‌వేర్ ఉన్న డ్రైవ్ అయితేనే చాలా బాక్సులు తీసుకుంటాయి, అంత పాత మోడల్‌కి ఆ డ్రైవ్ దొరకడమే గగనం, దొరికినా రేటు చూస్తే కొత్త బాక్సే నయమనిపిస్తుంది. అసలు సంగతి కంట్రోలర్‌ది. ఫ్లాష్‌లో రాసినచోటే మళ్ళీ రాయడం కుదరదు. పలక మీద ఒక్క అక్షరం మార్చాలంటే పలకంతా తుడిచి మళ్ళీ రాసినట్టు, ఒక పేజీ మారాలన్నా ఎంబీల సైజులో ఉన్న బ్లాక్ మొత్తం చెరపాలి. అందుకని ఫ్లాష్ కోసం తయారైన అరేలు చిన్న చిన్న రైట్లన్నీ ముందు కరెంట్ పోయినా చెరగని మెమరీలో పోగేసి, కంప్రెస్ చేసి, నిండు స్ట్రైప్ (డ్రైవులన్నిటి మీదా పరిచే ఒక వరస) అయ్యాక ఒక్కసారిగా కొత్త చోట రాస్తాయి. డిస్కుల కాలం నాటి కంట్రోలర్‌కి ఆ తెలివి ఉండదు, ఉన్నచోటే చదివి ఉన్నచోటే రాస్తుంది, దాంతో డ్రైవ్ లోపల ఒక రైట్‌కి నాలుగైదు రైట్లు పడతాయి. దానికి తోడు పన్నెండు తిరిగే డిస్కుల కోసం పెట్టిన ప్రాసెసర్ రెండు మూడు ఎస్‌ఎస్‌డీలకే ఆయాసపడుతుంది.

అరిగిపోతాయని భయపెట్టేవాళ్ళని పట్టించుకోకండి. 3.84 టీబీ డ్రైవ్, రోజుకి ఒక ఫుల్ రైట్ చొప్పున ఐదేళ్ళ రేటింగ్ అంటే 7000 టీబీ. మీ హాస్పిటల్ రోజుకి 200 జీబీ రాసినా ఆ ఒక్క డ్రైవే 95 ఏళ్ళు. రెయిడ్‌కీ లోపలి రైట్లకీ పదింతలు తీసేసినా బాక్స్ వారంటీ దాటిపోతుంది.

80 టీబీ ఎఫెక్టివ్ అన్నది మాత్రం గట్టిగా పట్టుకోండి. 23లోంచి రెయిడ్‌కీ స్పేర్‌కీ పోగా 16, 17 మిగులుతుంది, దాన్ని 80 అనాలంటే ఐదింతలు కుదించాలి. వీఎం ఓఎస్ డిస్కులు ఒకేలా ఉంటాయి కాబట్టి బాగా తగ్గుతాయి, ఎస్‌క్యూఎల్ ఏదో రెండింతల దాకా. పాక్స్‌లో ఇమేజెస్ ముందే కంప్రెస్ అయి ఉంటే ఏమీ తగ్గవు. ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాబేస్ అయితే అసలే తగ్గదు. "మా డేటాకి ఎంత తగ్గుతుందో రాసివ్వు, తగ్గకపోతే డ్రైవులు ఫ్రీగా వెయ్యి" అని అడగండి. రాసిచ్చే కంపెనీలు ఉన్నాయి, ఇమేజెస్ మాత్రం చాలామంది ఆ గ్యారంటీ బయటే పెడతారు.

3 లక్షల ఐఓపీఎస్ మీకెందుకు అసలు! మీ 1జీ స్విచ్‌లో ఒక లింక్ మీద సెకనుకి 115 ఎంబీ పోతుంది. 8 కేబీ చొప్పున 15 వేల ఐఓపీఎస్ దాటకుండానే తీగ నిండిపోతుంది. ఇప్పుడు 590 దగ్గరున్నారు కాబట్టి స్విచ్ తప్పు కాదు, ఫ్లాష్ వచ్చిన మర్నాడు మాత్రం అదే అడ్డం. మీకున్నవి రెండు సర్వర్లే కదా, స్విచ్చే వద్దు, డ్యుయల్ కంట్రోలర్ ఎంట్రీ లెవెల్ బాక్స్ తీసుకుని 12జీ సాస్ కేబుల్ నేరుగా కొట్టేయండి. డెల్ ఎంఈ5, హెచ్‌పీఈ ఎంఎస్‌ఏ లాంటివాటిల్లో ఆ పోర్టుల మోడల్ ఉంది. సర్వర్లో చెరో సాస్ హెచ్‌బీఏ కార్డు (ఆ కేబుల్ తగిలించేది) కావాలి, అంతే. ఎన్‌వీఎంఈ అరే మంచిదే, కానీ మీ లోడ్‌కి మామూలు సాస్ ఎస్‌ఎస్‌డీకీ దానికీ తేడా కౌంటర్ అమ్మాయికి తెలీదు.

---

రింగ్‌రోడ్_ర్యాక్:

గట్టు గారితో ఒక్క దగ్గర ఒప్పుకోను. పాక్స్ పాతదాంట్లో ఉంచి డేటాబేస్‌కి కొత్తది, ఇలా రెండు బాక్సులంటే రెండు ఏఎంసీలు, ఆ పాతదానికి సపోర్ట్ ఉందో లేదో, ఇద్దరే ఉన్న టీముకి తలనొప్పి. నేనైతే ఒకటే కొత్త బాక్స్, అందులో ఎస్‌ఎస్‌డీలు ఒక పూల్, పెద్ద 7.2కే డిస్కులు ఇంకో పూల్. ఆటోమేటిక్ టైరింగ్, అంటే ఏ డేటా ఏ పూల్‌లో ఉండాలో బాక్సే మార్చుకోవడం, పెట్టొద్దు (కొన్నిట్లో దానికి లైసెన్స్ వేరే కూడా), డేటాబేస్‌ని తిన్నగా ఎస్‌ఎస్‌డీ పూల్‌లో పెట్టి, పాక్స్‌ని డిస్కుల పూల్‌లో పెట్టేస్తే పొద్దున్నే ఏ బ్లాక్ ఎక్కడుందన్న గొడవే ఉండదు. పాత బాక్స్ బ్యాకప్ టార్గెట్‌కి దించేయండి, చచ్చినా ప్రాణం మీదకి రాదు.

నేను కొన్నేళ్ళు ఈ బాక్సులు బిగించే పని చేశాను కాబట్టి చెప్తున్నా. కొటేషన్లో "ఫోర్ అవర్" సపోర్ట్ అని ఉంటే విజయనగరం పిన్‌కోడ్‌కి అది వర్తిస్తుందా అని మెయిల్‌లో రాయించుకోండి. వైజాగ్ నుంచి గంటన్నర దారే, కానీ పార్ట్ వైజాగ్‌లో ఉంటే కదా, చాలాసార్లు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రావాలి. ఒక కంట్రోలర్ పోతే రెండోది లాగుతుంది, డ్రైవ్ పోతే స్పేర్ ఎక్కుతుంది, కాబట్టి నెక్స్ట్ బిజినెస్ డే తీసుకున్నా నడుస్తుంది, ఆ మిగిలిన డబ్బుతో ఒక స్పేర్ ఎస్‌ఎస్‌డీ కొని బీరువాలో పెట్టుకోండి. బాక్స్ మాత్రం ఏసీ రూమ్‌లో ఉండేట్టు చూడండి, చాలా హాస్పిటళ్ళలో సర్వర్ రూమ్ అంటే లిఫ్ట్ పక్కన స్టోర్ రూమే.

స్నాప్‌షాట్ (బాక్స్ తన లోపలే ఉంచుకునే కాపీ) ఉంది కదా అని బ్యాకప్ ఆపేస్తారేమో, ఆ పని చెయ్యకండి. 2022 నవంబర్లో ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్‌సమ్‌వేర్ పడి ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు, గుర్తుండే ఉంటుంది. ఒక కాపీ నెట్‌వర్క్‌కి తగలకుండా ఉండాలి.

---

కంటోన్మెంట్_ఐటీ:

ర్యాక్ అన్న చెప్పిన ఒకే బాక్స్ రెండు పూల్స్ పద్ధతి చైర్మన్ గారికి నచ్చింది, రేటు కూడా చాలా దిగొస్తుందంటున్నాడు వెండర్ (ఎన్‌వీఎంఈ వద్దు అనగానే మొహం మాడ్చుకున్నాడు). ఒకే డౌటు, షిఫ్ట్ చేసేటప్పుడు హాస్పిటల్ ఎంతసేపు ఆపాలి? ఎమర్జెన్సీ 24 గంటలు నడుస్తుంది.

---

రింగ్‌రోడ్_ర్యాక్:

మీ వీఎంవేర్ లైసెన్స్‌లో స్టోరేజ్ వీమోషన్ ఉందో లేదో ముందు చూడండి. ఉంటే వీఎంలు నడుస్తుండగానే కొత్తదానికి పోతాయి. సాస్ కార్డులు బిగించడానికి మాత్రం సర్వర్లు ఒకదాని తర్వాత ఒకటి ఆపాలి, అప్పుడు వీఎంలన్నీ రెండోదాని మీదకి తోయండి, మీరు ర్యామ్ పెంచారు కాబట్టి అన్నీ ఒక్కదాంట్లో పడతాయో లేదో ముందే లెక్క చూసుకోండి. లైసెన్స్ లేకపోతే ఆదివారం రాత్రి పెట్టుకోండి, డేటాబేస్ వీఎం ముందు, 1జీ మీద 400 జీబీకి గంట పైనే పడుతుంది, పాక్స్ 7 టీబీ అయితే సెకనుకి 100 ఎంబీ చొప్పున కూడా 20 గంటలు. అది ఆ రాత్రికి కాదు, పాత స్టడీలు ముందు నుంచే కాపీ పెట్టుకుంటూ రండి. ఆ రాత్రికి చేత్తో రాసే ఓపీ చీటీల పుస్తకాలు క్యాజువాలిటీలో రెండు ఉంచమని సిస్టర్‌గారికి చెప్పండి.