మ్యాడ్‌హౌస్ వుల్వరిన్ చూశా. లోగన్‌ని ఇంత పొడుగు ఎవరు చేశారండీ?

పొట్టిలోగన్ అడిగారు:

పదేళ్ళు దాటాక ఇప్పుడు చూశా, నవ్వకండి. 2011లో వచ్చిన జపాన్ యానిమే (యానిమేషన్ సిరీస్) వుల్వరిన్, అదే చేతుల్లోంచి ఉక్కు పంజా విప్పే మన లోగన్ కథ, పన్నెండు ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో పూర్తి. మార్వెల్ అప్పట్లో మ్యాడ్‌హౌస్ స్టూడియోతో నాలుగు సిరీస్‌లు చేయించింది కదా: ఐరన్ మ్యాన్, వుల్వరిన్, ఎక్స్-మెన్, బ్లేడ్. అందులో ఇది రెండోది. ఇన్నాళ్ళూ దాని జోలికి పోకపోవడానికి కారణం పోస్టరే. సన్నగా, పొడుగ్గా, గడ్డం కూడా సరిగ్గా లేని కుర్రాడొకడు పంజా విప్పి నిలబడి ఉంటాడు. వీడెవడు, లోగన్ మేనల్లుడా అనుకున్నా.

నాకు లోగన్ పరిచయమైంది క్రిస్ క్లేర్‌మాంట్ రాసి, ఫ్రాంక్ మిల్లర్ బొమ్మలు వేసిన 1982 నాటి నాలుగు కామిక్ ఇష్యూలతో. యానిమేకి కూడా మూలం అదే: లోగన్ ప్రేమించిన మారికో, ఆమె తండ్రి షింగెన్, యోధురాలు యూకియో, జపాన్. కాబట్టి పోల్చకుండా ఉండలేను.

మొదటి ఇష్యూలో ఒక సన్నివేశం ఉంది. లోగన్ రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిరిగొచ్చేస్తుంటే ఏమైందో తేల్చుకుందామని జపాన్ వెళ్తాడు. తీరా చూస్తే మారికోకి పెళ్ళైపోయింది, మొగుడు కొడుతున్నాడు. షింగెన్ వీణ్ణి ద్వంద్వానికి పిలుస్తాడు. చేతిలో ఉన్నది కత్తి కూడా కాదు, కొయ్య కత్తి. లోగన్ ఒంట్లో అప్పటికే మత్తుమందు. ముసలాయన ఒక్కొక్క దెబ్బా ప్రాణం పోయే చోట చూసి కొడుతుంటాడు, కానీ పక్కనుంచి చూసేవాళ్ళకి అది సాధనలాగే కనిపిస్తుంది. తట్టుకోలేక లోగన్ పంజా విప్పుతాడు. మారికోకి కనబడేది ఏమిటి? కొయ్య పట్టుకున్న తన తండ్రి మీద ఉక్కు గోళ్ళతో పడుతున్న ఒక పొట్టి, బొచ్చు మనిషి. చితక్కొట్టించుకుని, ఆమె కళ్ళముందే పరువు పోగొట్టుకుని, వీధిలో పడి లేస్తాడు.

నా బాధంతా ఇక్కడే. ఆయన ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఆ ఎత్తు ఊరికే పెట్టింది కాదు. ఆ ఇంట్లో అందరూ వాణ్ణి పైనుంచి కిందికే చూస్తారు, వాడికీ నేను ఈమెకి తగనేమో అనే అనుమానం లోపల పీకుతూనే ఉంటుంది. యానిమే లోగన్‌కి ఆ బెడద లేదు. మారికో పక్కన నిలబెడితే పెళ్ళి ఫోటోలా ఉంటాడు. ఇక మిగిలేది ఏముంది? ఎత్తుకుపోయిన పిల్లని తెచ్చుకునే కథ.

నేనేమన్నా మరీ చాదస్తానికి పోతున్నానా? మీలో ఎవరికైనా ఇది నచ్చిందా? నచ్చితే ఎందుకు?

——

ఎర్రకళ్ళద్దాలు:

చాదస్తమే అన్నా, కానీ ముద్దొచ్చే చాదస్తం. వెంటనే అదే స్టూడియో ఎక్స్-మెన్ చూడు. అందులో లోగన్ గట్టి దుంగలా ఉంటాడు. ఇంగ్లీష్ డబ్‌లో స్టీవ్ బ్లమ్ గొంతు. వుల్వరిన్ సిరీస్‌కి మైలో వెంటిమిలియాని పెట్టారు, వినగానే తేడా తెలిసిపోతుంది. పైగా ఎక్స్-మెన్‌లో కథ నడిపేది ఆ జట్టు నాయకుడు, ఎర్ర కళ్ళద్దాల సైక్లాప్స్. వాడు ప్రేమించిన జీన్ చనిపోయి ఏడాది అయ్యాక మొదలవుతుంది. మా వాడికి కూడా ఒకసారి న్యాయం జరిగింది. (నా పేరు చూసి పక్షపాతం అనొద్దు. పక్షపాతమే.)

——

సబ్‌మాత్రమే:

డబ్ గొడవ ఎందుకు గురూ, జపనీస్‌లో చూడండి. రెండు సిరీస్‌లలోనూ లోగన్ రికియా కొయామానే. అమెరికన్ టీవీ సిరీస్ "24" జపనీస్ డబ్‌లో హీరో జాక్ బావర్ గొంతు ఆయనదే. ఆ గొంతుతో చూస్తే ఆ సన్నటి మొహం మీద కూడా ఓ ఇరవయ్యేళ్ళు పడతాయి.

——

పాతపెట్టె:

పొట్టిలోగన్ గారూ, మీరు చెప్పిన కొయ్య కత్తి పేజీలు నాకూ కంఠతా వచ్చు. కానీ ఒక మాట. "అసలు లోగన్" అని మనం పట్టుకు వేలాడేది కూడా అసలుది కాదు. 1974లో హల్క్ కామిక్ 181వ ఇష్యూలో వచ్చినప్పుడు ఆ పంజా చేతికి తొడుక్కునే గ్లవ్స్‌లోది అన్నట్టే ఉంటుంది. ఒంట్లోంచి వస్తుందని తేలింది 1976లో, ఎక్స్-మెన్ 98లో. సృష్టికర్తల్లో ఒకరైన లెన్ వీన్ మొదట వాణ్ణి కుర్రాడిగానే అనుకున్నానని చెప్పుకున్నాడు. ఆ లెక్కన మ్యాడ్‌హౌస్ వాళ్ళు తెలియకుండానే వీన్ దగ్గరికి పోయారనుకోవచ్చు. ఎత్తు సంగతికొస్తే, 2000లో వచ్చిన ఎక్స్-మెన్ సినిమాకి హ్యూ జాక్‌మన్‌ని తీసుకున్న రోజే ఆ కోట కూలింది. ఆయన ఆరడుగులు దాటిన మనిషి.

నాకు లోటనిపించింది వేరే. కామిక్‌లో కథ చెప్పేది లోగనే. ప్రతి పేజీలో వాడి గొంతు బాక్సుల్లో నడుస్తుంటుంది: ఎదుటివాడి వాసన, విరిగిన ఎముక లెక్క, తన మీద తనకే ఎగతాళి. మూడో ఇష్యూలో, ఇసుక తోటలో పోరాటం అయిపోయాక, చెదిరిపోయిన గులకరాళ్ళని దంతె పట్టుకుని తీరిగ్గా సర్దుతాడు చూడండి. పక్కన శవాలు, చేతిలో దంతె. నేను మృగాన్నా మనిషినా అనే ప్రశ్నకి వాడు అక్కడ జవాబు వెతుక్కుంటాడు. ఆ గొంతు లేకపోతే అదొక తోటపని, అంతే. యానిమేలో లోగన్ ముభావంగా తిరుగుతూ దెబ్బలు తింటాడు. లోపల ఏమనుకుంటున్నాడో మనకి అందదు. నాలుగు ఇష్యూల కథని పన్నెండు ఎపిసోడ్లకి సాగదీయడానికి మడ్రిపూర్ అనే కల్పిత దీవిని తెచ్చారు, కామిక్స్‌లో 1992లో పుట్టిన విలన్ ఒమేగా రెడ్‌ని కూడా తెచ్చారు. అంత చోటు ఉండి కూడా లోగన్‌తో నాలుగు మాటలు చెప్పించలేదు.

యూకియో మాత్రం బాగుంది. దాన్ని ఒప్పుకోవాలి.

——

పొట్టిలోగన్:

పాతపెట్టె గారూ, దంతె సంగతి గుర్తుచేసి చంపారు. పొద్దున్నే అట్టపెట్టె దించి ఆ ఇష్యూ తీశా. నేను ఎత్తు ఎత్తు అని కొట్టుకున్నాను గానీ, మీరన్నదే నిజం అనిపిస్తోంది. ముద్రణలో వాడి ఎత్తు ఎన్ని ప్యానెళ్ళలో తెలుస్తుందని చూస్తే, మిల్లర్ కూడా చాలాచోట్ల దగ్గరినుంచి మొహం, లేదంటే దూరంనుంచి నీడ. పక్కన ఇంకో మనిషిని నిలబెట్టినప్పుడే తెలుస్తోంది. వాణ్ణి పొట్టి అని నాకు చెప్పింది సగం ఆ బాక్సుల్లోని గొంతే. అయినా షింగెన్ ముందు నిలబడ్డ ప్యానెల్ విషయంలో మాత్రం రాజీ పడను.

వీన్ కుర్రాడిగా అనుకున్నాడన్నది గతంలో ఎక్కడో చదివి, నచ్చక మర్చిపోయినట్టున్నాను.

యూకియో విషయంలో మీతో ఏకీభవిస్తా. ఆమె తెర మీద ఉన్నంతసేపూ ఎపిసోడ్ టైమ్ ఎంతైందో చూసుకోలేదు. మిగతాప్పుడు చూసుకున్నా.

——

ఎర్రకళ్ళద్దాలు:

అదంతా సరే, ఎక్స్-మెన్ మొదలుపెట్టావా లేదా?

——

పొట్టిలోగన్:

ఇప్పుడే మొదటి ఎపిసోడ్ పెట్టా, కొయామా గొంతుతోనే. లోగన్ వచ్చాడు. మెడ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ రాత్రికి నిద్ర లేదు.